బీర్కూర్‌లో గిటారు, నా కుడి భుజం

మా బీర్కూర్ మంజీర ఒడ్డున ఉంటుంది. ఎగువన నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లతోనే మా వైపు వరి పండుతుంది. నాట్లేసి వంగిన నడుములు, బీడీలు చుట్టి బిగిసిన మెడలు, వడ్ల బస్తాలు మోసి అరిగిన భుజాలు ప్రతి వాడలోనూ కనిపిస్తాయి. ఇలాంటి ఊళ్లో గిటారు వాయించడం వల్ల భుజం నొప్పి వచ్చిందని పైకి చెప్పడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల్లో గిటారు నేర్చుకున్నాను. ఊరికి తిరిగొచ్చాక చర్చిలో హార్మోనియం, తబలా పక్కన నాకూ ఒక కుర్చీ వేశారు. నాది డ్రెడ్‌నాట్ రకం అకూస్టిక్ గిటారు. మైకులు లేని కాలంలో శబ్దం పెద్దగా రావాలని అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో తయారుచేసిన ఆకారం అది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేదీ అదే. కింది భాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, లోతు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆ పెట్టె మీదుగా చెయ్యి చాపితే తప్ప తీగలు అందవు. నేను పొడగరిని కాను. ఆదివారం ఆరాధనలో నాలుగు పాటలు వాయించినంత కాలం ఆ సంగతి నా శరీరం బయటపెట్టలేదు.

డిసెంబర్‌లో ఇంటింటికీ వెళ్లి పాడే క్రిస్మస్ క్యారల్స్ మొదలయ్యాయి. చీకటి పడ్డాక బయలుదేరితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. ఒక్కో వాకిట్లో పాట, ప్రార్థన, వేడి చాయ్, మళ్లీ నడక. మంజీర మీది నుంచి వచ్చే చలిగాలికి వేళ్లు కొంకర్లు పోయేవి. చిన్నపిల్లలు ముందు పరుగెత్తేవాళ్లు, ముసలవ్వలు గుమ్మంలో కూర్చుని మాతో గొంతు కలిపేవాళ్లు. ఆ రాత్రులంత సంతోషం నా సంగీతంలో నాకు ఇంకెక్కడా దొరకలేదు. కానీ పండగ దగ్గరపడేకొద్దీ కుడి భుజంలో సన్నగా ఒక మంట మొదలైంది. క్రిస్మస్ వెళ్లాక చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు. తల దువ్వుకోవడం కష్టమైంది. కుడి పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర తెగిపోయేది.

అమ్మ కనిపెట్టింది. "ఏమైంది బిడ్డా, చెయ్యి లేస్తలేదా?" అని అడిగి, మంచినూనె వేడి చేసి రాసింది. ఇసుక మూటతో కాపడం పెట్టింది. "మాకు గివి రోజు ఉండేటియే. వెయ్యి బీడీలు జేస్తెనే కూలి. మెడ వట్కుంటది, భుజం వట్కుంటది, పొద్దుగాల లేశి మళ్ల చాట ముంగట కూసునుడే" అంది. ఆమె ఓదార్పుగానే అన్నా నాకు మనసులో గుచ్చుకుంది. మా జిల్లాలో ఎన్నో ఇళ్లు ఆడవాళ్లు తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి నిలబెట్టినవే. వాళ్లు నొప్పికి మందు అడగరు. నొప్పి కూడా పనిలో భాగమనుకుంటారు.

కాపడంతో హాయిగా ఉండేది కానీ చెయ్యి లేవలేదు. బాన్సువాడ వెళ్లి డాక్టరుకు చూపించాను. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్స్‌రే తీయించి, షుగర్ పరీక్ష కూడా రాశారు. షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుందట. నాకు షుగర్ లేదు. కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ ఒరుసుకుని వాచిందని చెప్పి, ఫిజియోథెరపీకి పంపారు.

ఆ ఫిజియోథెరపిస్టు మేడం నా భుజం చూశాక అడిగిన మొదటి మాట: "తమ్ముడూ, రేపు గిటారు తీసుకొస్తావా? నువ్వు వాయిస్తుంటే చూడాలె." మర్నాడు నన్ను చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి వాయించమన్నారు. వెనక నిలబడి ఫోన్‌లో ఫొటో తీసి చూపించారు. ఎడమ భుజం తన చోట ఉంది. కుడి భుజం చెవి వైపు లేచి, ముందుకు వంగి ఉంది. మోచెయ్యి పక్కటెముకలకు దూరంగా గాల్లో ఉంది. తల తీగల మీదికి వాలిపోయింది.

తర్వాత ఆమె వివరించారు. భుజం కీలును చుట్టూ నాలుగు చిన్న కండరాలు పట్టి ఉంచుతాయి. ఆ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. అందులో పైనున్న సుప్రాస్పినేటస్ పట్టీ భుజం కొన ఎముక కిందున్న ఇరుకు సందులోంచి సాగుతుంది. చెయ్యిని పక్కకు లేపి గంటల తరబడి అలాగే ఉంచితే ఆ సందు ఇంకా ఇరుకవుతుంది, పట్టీ ఎముకకు ఒరుసుకుంటుంది. పైగా చలికి ఒళ్లు బిగుసుకుంటే మెడ నుంచి భుజానికి దిగే కండరం అసలు వదులు కాదు. లోపం చేతిలో లేదు, పెట్టె ఎత్తుకూ మనిషి ఒడ్డూపొడుగుకూ కుదరకపోవడంలో ఉందన్నారు.

కొన్ని వారాలు గిటారు ముట్టలేదు. చెయ్యి వేలాడదీసి గంట లోలకంలా మెల్లగా ఊపడం, భుజపు రెక్కలు రెండూ వెనక్కి దగ్గరికి లాగి వదలడం, నొప్పి తగ్గాక మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి రబ్బరు పట్టీని బయటికి లాగడం, ఇవీ నా వ్యాయామాలు. మళ్లీ వాయించడం మొదలుపెట్టినప్పుడు కూర్చునే తీరు మారింది. ఎడమ పాదం కింద చిన్న పీట వేసుకుని, గిటారును ఎడమ తొడ మీద పెట్టి, మెడ భాగం పైకి లేపి పట్టుకున్నాను. కూర్చున్నప్పుడు కూడా వెడల్పాటి బెల్టు వేసుకున్నాను. అలా చేస్తే పెట్టె కిందికి జారదు, కుడి చెయ్యి దాన్ని అదిమి పట్టనక్కర్లేదు. తర్వాత పెట్టె లోతు తక్కువున్న చిన్న గిటారుకు మారాను. శబ్దం కొంచెం తగ్గింది, భుజం తన చోట నిలిచింది.

మేడం పెట్టిన ఇంకో నియమం, ఇరవై నిమిషాలకోసారి ఆగడం. క్యారల్స్‌లో అదెలా కుదురుతుందని మా బృందంలో డప్పు కొట్టే పెద్దనాన్నను అడిగాను. ఆయన చిన్నప్పటి నుంచి డప్పు మోసిన మనిషి. "చలికి తోలు సల్లవడితె డప్పు మోగదు బిడ్డా. మంటకు కాపాలె. గా కాపే జరసేపే చెయ్యికి ఆరాం. నీ గిటారుకు మంట అక్కరలేదు గని నీకు అక్కర గాదా?" అన్నారు. మా తాతల వాద్యంలోనే విశ్రాంతి ఉందని నాకప్పుడు తెలిసింది. అప్పటి నుంచి డప్పు మంటకు వెళ్లినప్పుడల్లా నేనూ గిటారు దించి, భుజాలు తిప్పుకుంటున్నాను. ఆ కాసేపు పిల్లలు చప్పట్లతో పాట నడిపిస్తారు.

ఇంట్లోనూ ఒక మార్పు వచ్చింది. నేను గోడ దగ్గర వ్యాయామం చేస్తుంటే అమ్మ చూసేది. ఒకరోజు ఆమె వీపు గోడకు ఆనేలా కూర్చోబెట్టి, ఒళ్లో చాట కింద మడిచిన దుప్పటి పెట్టి ఎత్తు చేశాను. మెడ అంత వంచనక్కర్లేకపోయింది. వంద బీడీలు కట్ట కట్టినప్పుడల్లా లేచి భుజాలు వెనక్కి లాగుతోంది. ఆమె నొప్పి పూర్తిగా పోలేదు, ఏళ్ల నాటిది అంత తొందరగా పోదు. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోందని చెప్పింది.

గిటారు నేర్చుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. కొనేముందు దుకాణంలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని చూడండి. భుజం పైకి లేస్తుంటే అది మీకు సరిపోయే గిటారు కాదు. చెయ్యి తలపైకి లేవకపోయినా, నొప్పి రాత్రి నిద్ర లేపుతున్నా, మోచెయ్యి దాటి తిమ్మిరి దిగుతున్నా మాత్రలతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బిగుసుకుని చెమటలు పడితే అది గిటారు నొప్పి అనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఓర్చుకోవడం మన ఊళ్లలో గొప్పగా చెప్పుకునే గుణం. కానీ గిటారైనా, బీడీ చాటైనా, డప్పైనా మనిషికి అమరాలి గానీ మనిషి వంకర తిరిగి దానికి అమరకూడదు. మీ ఇంట్లో రోజంతా ఒకే భంగిమలో కూర్చుని పనిచేసే మనిషి ఉంటే, ఇవాళ ఒకసారి వెనక నిలబడి వాళ్ల భుజాలు చూడండి.