నిలిచిపోయిన సైకిలు

విద్యుత్ సైకిలు నిలిచిపోయినంతనే జనులు కంట్రోలరును నిందింతురు. ఆ బండిపైనే సరకులు చేరవేసి పొట్టపోసుకొనువాడు తొందరపడి క్రొత్తది కొన్నచో కొన్నిదినముల కూలి దానికే చెల్లును. పాపము, పెక్కుసారులు దోషము దానిది కాదు. బ్రేకు మీటలోని స్విచ్చి బిగిసియున్నను మోటారు తిరుగదు.

అది సరిగానున్నచో, బ్యాటరీని విడదీసి చక్రమును చేతితో వెనుకకు త్రిప్పవలెను. కుదుపులతో బరువుగా తిరిగిన చక్రము, మోటారునుండి వచ్చు మూడు లావుపాటి తీగలను వేరుచేయగనే తేలికపడినచో, కంట్రోలరులోని మాస్‌ఫెట్టు చెడినదనుకొనవచ్చును.

మొదటినుండియు తేలికగానే తిరిగినచో హాల్ సెన్సారులను చూడవలెను. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మమే వీనికాధారము. బ్యాటరీని మరల కలిపి చక్రమును మెల్లగా త్రిప్పుచుండగా, ఒక్కొక్క సెన్సారు తీగపై వోల్టేజి 0, 5 వోల్టుల నడుమ మారుచుండవలెను. మూడింటిలో ఒకటి మాత్రము మారకున్నచో లోపము ఆ సెన్సారులోనో దాని తీగలోనో యుండును. కంట్రోలరును మార్చినను బండి సరిగా సాగదు.