‘ఏం కాదులే అత్తయ్యా!’

మన ఇళ్ళల్లో రోజుకి పదిసార్లు వాడే మాట ఒకటుంది. ‘ఏం కాదులే!’ పిల్లాడు పడ్డా అదే, పాలు విరిగినా అదే. ఆ మాట ఒక్కచోట మాత్రం నేను అనకుండా ఉండాల్సింది. ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే. మీతో చెప్పుకుంటే నా మనసు తేలికపడుతుంది, మీకూ పనికొస్తుంది.

మా అత్తయ్యకి డెబ్భై దాటాయి. బి.పి. చాలా ఏళ్ళుగా ఉంది. దానికోసం రోజూ పొద్దున్నే ఒంట్లో నీరు లాగేసే బిళ్ళ ఒకటి వేసుకుంటారు. 2021లో ఛాతీలో మంటగా ఉందంటే డాక్టరుగారు గ్యాస్ బిళ్ళ రాశారు, నెల రోజులకి. నెలలో మంట తగ్గింది. బిళ్ళ మాత్రం ఆగలేదు. పాత చీటీ పట్టుకెళ్ళి మెడికల్ షాపులో నేనే తెచ్చేదాన్ని. ‘‘పరగడుపున అది పడకపోతే నాకు కాఫీ సయించదే’’ అనేవారావిడ. పోనీలే, గ్యాస్ బిళ్ళే కదా అని నేనూ ఊరుకున్నాను.

2023లో దసరా వెళ్ళాక రాత్రిళ్ళు ఆవిడకి పిక్కలు పట్టేయడం మొదలైంది. కొబ్బరినూనె రాసి కాళ్ళు పట్టేదాన్ని. తర్వాత కొన్నాళ్ళకి ‘‘అమ్మాయ్, గుండె ఉండుండి ఒక దెబ్బ తప్పుతోందే. ఆగిందేమో అనుకునేసరికి దభీమని కొట్టుకుంటోంది’’ అన్నారు. నేనేమన్నానో తెలుసా? ‘‘ఏం కాదులే అత్తయ్యా! రాత్రి పదింటిదాకా ఆ సీరియల్ ఏడుపులు చూస్తే ఎవరి గుండె మాత్రం దడదడలాడదు!’’ అన్నాను. మావారూ, పిల్లలూ నవ్వారు. ఆవిడా నవ్వేశారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కార్తీకమాసంలో ఒకరోజు తెల్లవారుజామున తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతూ, కళ్ళు తిరిగి కూలబడిపోయారు. చెయ్యి పట్టుకుంటే నాడి ఒక వరసలో లేదు. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి నా గుండె ఆవిడ గుండెకన్నా ఎక్కువ కొట్టుకుంటోంది.

ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్ష చేశారు. గుండెపోటు కాదన్నారు. కానీ రక్తంలో పొటాషియం తక్కువుంది, మెగ్నీషియం మరీ తక్కువుంది అన్నారు. ‘‘వాడే మందులన్నీ తెచ్చారా అమ్మా?’’ అని డాక్టరుగారడిగితే డబ్బా తీసి బల్లమీద బోర్లించాను. ఆయన గ్యాస్ బిళ్ళల అట్ట చేతిలోకి తీసుకుని ‘‘ఇదెన్నాళ్ళనుంచి?’’ అన్నారు. ‘‘రెండేళ్ళండీ’’ అనడానికి నాకు నోరు పెగల్లేదు.

ఆయన ఓపిగ్గా చెప్పారు. గుండె ఒక తాళంలో కొట్టుకోవాలంటే దాని కండరాల్లోకి కాల్షియం, పొటాషియంలాంటివి ఒక క్రమంలో వెళ్ళి రావాలట. ఆ రాకపోకల్ని అదుపులో ఉంచేది మెగ్నీషియం. అది తగ్గితే పొటాషియం కూడా మూత్రంలో పోతుంది. అప్పుడు పొటాషియం ఎంతిచ్చినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. నీరు లాగే బిళ్ళల్లో చాలావాటికి మెగ్నీషియాన్ని బయటికి పంపేసే గుణం ఉంది. ఇక ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ జాతి గ్యాస్ బిళ్ళలు ఏడాదికి పైగా వాడితే, కొందరిలో మెగ్నీషియం బాగా పడిపోతుంది. అమెరికాలోని మందుల నియంత్రణ సంస్థ 2011లోనే ఈ సంగతి హెచ్చరించింది. ఒక పక్క రాబడి తగ్గి, ఇంకో పక్క ఖర్చు పెరిగితే ఏమవుతుందో ఇల్లు నడిపే మనకి వేరే చెప్పాలా!

సెలైన్‌లో మెగ్నీషియం ఎక్కించారు, పొటాషియం ఇచ్చారు. నీరు లాగే బిళ్ళ మార్చారు, గ్యాస్ బిళ్ళ మాన్పించారు. మూడోరోజుకి నాడి దారిలో పడింది.

ఇంటికొచ్చాక వంటింటి మీద పడ్డాను. మన ఒంట్లో ఉండే మెగ్నీషియం మొత్తం కలిపి 25 గ్రాములే. అందులో సగానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టిక ప్రకారం, 100 గ్రాముల ముడిబియ్యంలో 90 మిల్లీగ్రాములకి పైగా మెగ్నీషియం ఉంటే, మరపట్టిన తెల్లబియ్యంలో 20 కూడా లేదు. మల్లెపువ్వులాంటి అన్నమని మురిసిపోతాం గానీ, మంచిదంతా తవుడులో పోతోందన్నమాట! రాగుల్లో అయితే 140కి పైనే. ఇప్పుడు మా ఇంట్లో వారానికి రెండు పూటలు రాగిసంకటి, పొట్టుతో పెసలు నానేసి పెసరట్టు, తోటకూర పప్పు, మొదటి ముద్దలోకి నువ్వులపొడి. ఆకుకూర ఉడికించిన నీళ్ళు పారబోయడం మానేశాను.

అలాగని మెగ్నీషియం బిళ్ళలు కొని మింగేయకండి. మూత్రపిండాలు సరిగా పనిచేయనివాళ్ళకి అది ఒంట్లో పేరుకుపోయి ప్రమాదం తెస్తుంది. వాడుతున్న బి.పి. బిళ్ళలూ సొంతంగా మానొద్దు. ఏది మార్చినా డాక్టరుగారే మార్చాలి. గుండె తేడాగా కొట్టుకున్నా, కళ్ళు తిరిగినా ఇంటివైద్యంతో కూర్చోకుండా వెంటనే చూపించాలి.

మెగ్నీషియం తగ్గింది బిళ్ళల వల్లే కావచ్చు. కానీ ఆవిడ రెండోసారి చెప్పకుండా మానేసింది మాత్రం నా వేళాకోళం వల్లే. అది ఏ పరీక్షలోనూ కనపడదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ ‘‘నువ్వడక్కముందే చెబుతున్నానే, ఇవాళ గుండె బాగానే ఉంది’’ అంటారు అత్తయ్య. నవ్వుతాను గానీ, చెయ్యి పట్టుకుని నాడి చూశాకే వంటింట్లోకి వెళతాను.

మీరూ ఇవాళ ఒక్కసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బా కిందికి దింపండి. ఏ బిళ్ళ ఎన్నాళ్ళకి రాశారో, ఎన్నాళ్ళయిందో చూడండి. చూస్తారు కదూ?