అధికారి ఎవరు? – విశ్వవిద్యాలయ వెబ్‌సైటు నిర్వహణమున అనుబంధ చతుష్టయము

శాస్త్రగ్రంథమేదైనను ఆరంభమున నాలుగు అంశములను నిరూపించుట ప్రాచీనుల సంప్రదాయము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను ఈ నాలుగింటిని అనుబంధ చతుష్టయమందురు. గ్రంథము దేనిని చెప్పుచున్నది, దానివలన కలుగు ఫలమేమి, చెప్పబడు అర్థమునకును గ్రంథమునకును గల సంబంధమెట్టిది, దానిని చదువ దగినవాడెవడు అను ప్రశ్నలకు సమాధానము దొరకనిదే వివేకి గ్రంథమున ప్రవర్తింపడని వారి ఆశయము. పాఠశాలలో చదివిన వారికెల్లరకును ఇది తొలిమెట్టు.

నేడు ఒక విశ్వవిద్యాలయమును క్రొత్తగా తెలిసికొనగోరువాడు మొదట దాని సింహద్వారమును చూచుట లేదు, గ్రంథాలయమును చూచుట లేదు. చేతిలోని ఫోనులో దాని వెబ్‌సైటును చూచుచున్నాడు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమున నిర్మించిన తొలి వెబ్‌సైటు లోకమునకు తెరువబడినది 1991లో. మనదేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు అందినది 1995 ఆగస్టు 15న. ఇంత స్వల్పకాలములోనే వెబ్‌సైటు విద్యాసంస్థకు ముఖమైనది, అంతకుమించి ప్రమాణమైనది. అందున్న తేదీని నమ్మి విద్యార్థి ప్రయాణము కట్టును. అందున్న రుసుమును నమ్మి తండ్రి అప్పు చేయును. ఇట్టి ప్రమాణగ్రంథమునకు అనుబంధ చతుష్టయ నిరూపణము అక్కరలేదనుట యుక్తము కాదు.

ఈ విచారమునకు సాలూరు ప్రాంతము తగిన ఉదాహరణము. వేగావతీ తీరమున, ఒడిశాకు పోవు కనుమదారి మొదట నున్న ఈ పట్టణము లారీల బాడీలు కట్టు వృత్తికి పేరుపొందినది. చుట్టునున్న పాచిపెంట, మక్కువ మండలముల కొండలలో జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబలు నివసింతురు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము గిరిజన విశ్వవిద్యాలయమును వాగ్దానము చేసినది. 2019 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయముల సవరణ చట్టముచే ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడినది. విజయనగరము చెంత కొండకరకమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు పూర్వ స్నాతకోత్తర ప్రాంగణములో తరగతులు మొదలైనవి. స్థిరప్రాంగణమునకు తొలుత కొత్తవలస మండలమునందలి రెల్లి వద్ద స్థలము ఉద్దేశింపబడినది. గిరిజనులకు చేరువగా నుండవలెనను తలంపుతో తరువాత సాలూరు సమీపమున, మెంటాడ, దత్తిరాజేరు మండలములలోని చినమేడపల్లి, మర్రివలస గ్రామముల వద్ద 560 ఎకరములకు పైబడిన భూమి ఎంపికై, 2023 ఆగస్టు 25న అచ్చట శంకుస్థాపన జరిగినది. ఇంతలో 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనము జరిగి, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది; మెంటాడ, దత్తిరాజేరు మండలములు విజయనగరము జిల్లాలోనే నిలిచినవి.

పది యేండ్లలోపల ఇన్ని మార్పులు కలిగినచోట ఇంటర్నెట్టున నేటికిని చదువనగు పాతవ్రాతలు ఎన్నియో ఉండును. ఒకటి రెల్లి యనును, ఒకటి కొండకరకమనును, మరియొకటి మర్రివలస యనును. వ్రాసిన నాటికి అన్నియు సత్యములే. పాఠభేదములను పరిష్కరించుటకు సంశోధకుడు మూలప్రతిని ఆశ్రయించునట్లు, ఈ భేదములలో నిర్ణయము కోరువాడు విశ్వవిద్యాలయపు సొంత వెబ్‌సైటును ఆశ్రయింపవలెను. ఆ మూలప్రతియే అస్పష్టముగా నున్నచో నిర్ణయించు వారు మరెవ్వరును లేరు. కావున ఇట్టి సంస్థ ఏదైనను మార్పును కప్పిపుచ్చక, ఏ తేదీనుండి ఏది వర్తించునో చెప్పు ఒక పుటను నిలుపుకొనుట మేలు.

ఇక అధికారి ఎవరు? ఈ పదము శాస్త్రమున ఒక యర్థమున, కార్యాలయమున వేరొక యర్థమున చెల్లుచున్నది. కార్యాలయమున అధికారి ఆజ్ఞాపించువాడు. శాస్త్రమున అధికారి గ్రహింపదగినవాడు; ఎవని కొరకు గ్రంథము పుట్టెనో వాడు. వెబ్‌సైటుల దోషములలో పెక్కింటికి ఈ రెండర్థముల తారుమారే మూలము. మొదటి యర్థమున అధికారిని ఉద్దేశించి రూపొందిన వెబ్‌సైటున సన్మానసభల ఛాయాచిత్రములు, శాలువలు, సందేశములు ముందు నిలుచును. ప్రవేశపు గడువు, హాస్టలు వసతి, ఉపకారవేతనము నాలుగు పుటల వెనుక దాగును.

రెండవ యర్థమున అధికారిని ఊహింతము. పాచిపెంట కొండలలోని ఒక గూడెమునుండి ఇంటరు చదువు ముగించిన బాలిక దిగి వచ్చుచున్నది. కేంద్రీయ విశ్వవిద్యాలయములలో డిగ్రీ ప్రవేశమునకు 2022 నుండి దేశవ్యాప్తముగా ఉమ్మడి పరీక్ష కలదు. దరఖాస్తు, పరీక్ష, ఫలితము, పిదప విశ్వవిద్యాలయపు సీట్ల కేటాయింపు అన్నియు ఇంటర్నెట్టునందే. గూడెమున సిగ్నలు నిలువదు. సాలూరులోని నెట్‌సెంటరులో కూర్చుండి చూడవలెను. తెరమీద ‘చివరి తేదీ జూలై 15’ అని కనబడును. అది ఏ యేటి జూలై? నిరుటి ప్రకటన తొలగింపబడలేదు; ఈయేటి ప్రకటన దాని క్రింద నున్నది. ఆమె మొదటిదానిని చదివి గడువు దాటెనని మరలిపోవును. నగరమున ఒక యేడు పోయిన విద్యార్థికి అది ఒక యేడే. ఆ గూడెమున ఒక యేడు పోయిన బాలికకు తరచుగా చదువే పోవును.

వ్రాతప్రతులతో పరిచయము గలవారికి ఈ దోషము క్రొత్త కాదు. శకసంఖ్య లేక సంవత్సరనామము మాత్రము వ్రాసిన లేఖకుడు అరువదియేండ్ల సందేహమును మనకు మిగిల్చి పోయినాడు. ఆ సందేహముతో పండితులు వ్యాసములు వ్రాసికొందురు. ఎవరికిని హాని లేదు. సంవత్సరము లేని తేదీ వెబ్‌సైటున నున్నచో హాని కలుగును. ప్రతి ప్రకటనకు పూర్ణమైన తేదీ, గడువు తీరిన వెంటనే దానిని వేరొక పూర్వప్రకటనల భాండారమునకు తరలించుట – ఈ రెండు నియమములకు ధనవ్యయము లేదు. తరలింపవలెనే కాని చెరిపివేయరాదు. నిన్నటి ప్రకటన నేటి వివాదమున సాక్ష్యము.

విషయనిరూపణమునకు చట్టమే కొంత తోడ్పడుచున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రకారము ప్రభుత్వసంస్థ ఎవరును అడుగకముందే 17 అంశములను ప్రకటించి, ఏటేట సవరింపవలెను. సంస్థ నిర్మాణము, ఉద్యోగుల కర్తవ్యములు, నిర్ణయములు జరుగు విధానము, వ్యయప్రణాళిక మున్నగునవి అందు చేరినవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము సైతము విద్యాసంస్థలు స్వయముగా వెల్లడింపవలసిన అంశములపై మార్గదర్శకములను ప్రకటించినది. ఐనను ప్రకాశ్యమెంత ముఖ్యమో గోప్యమంత ముఖ్యము. ఎంపికైనవారి పట్టికతోపాటు వారి ఫోను సంఖ్యలను, చిరునామాలను, ఆధార్ సంఖ్యలను లోకమెల్ల చూచునట్లు ఉంచుట పారదర్శకత కాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము లేకున్నను, నమ్మి యిచ్చినదానిని నడివీధిలో పెట్టరాదను న్యాయము మనకు తెలియనిది కాదు.

సంబంధము సూక్ష్మమైనది. శాస్త్రమున దీనిని ప్రతిపాద్య ప్రతిపాదక భావమందురు. వెబ్‌సైటున పుట చెప్పునది ప్రతిపాద్యము. కార్యాలయమున జరుగుచున్నది దానికి సరిపోవలెను. ఈ సరిపోలికకు ఎవడు పూచీ? పెక్కు విద్యాసంస్థలలో ఈ ప్రశ్నకు ‘కంప్యూటరు చూచు అబ్బాయి’ అనునదే సమాధానము. ఆ యువకునకు ప్రవేశనియమములు తెలియవు. పరీక్షల నిర్ణయములు చేరవు. ఎవరేది పంపిన దానిని ఎక్కించును. లేఖకుని సంపాదకునిగా భావించుటయే ఇచటి దోషము. లేఖకుడు వ్రాయును, పాఠమునకు బాధ్యుడు సంపాదకుడు.

కావున పుటపుటకు ఒక బాధ్యుడుండవలెను. ప్రవేశముల పుటకు రిజిస్ట్రారు కార్యాలయము, పరీక్షల పుటకు పరీక్షల నియంత్రణాధికారి, గ్రంథాలయపు పుటకు గ్రంథపాలకుడు, శాఖల పుటలకు శాఖాధ్యక్షులు. ప్రాచీన లేఖకుడు గ్రంథాంతమున తన పేరును, ఊరిని, కాలమును వ్రాసికొన్నట్లు, పుట అడుగున బాధ్యుని పదవియు, కడపటి పరిశీలన తేదీయు నుండవలెను. వీరందరిపై ఒక చిన్న సంఘము – అధ్యాపకుడు, గ్రంథపాలకుడు, సాంకేతికుడు, తప్పక ఒక విద్యార్థి – మూడు నెలలకొకసారి కూర్చుండి, వచ్చిన ఫిర్యాదులను చదివి, పాతబడిన పుటలను గుర్తింపవలెను.

ఇన్ని అనుమతులైనచో ప్రకటన ఆలస్యము కాదా అని ఆక్షేపము. నిజమే. వర్షములకు కనుమదారి మూసికొనిపోయి పరీక్ష వాయిదా పడినప్పుడు సంఘము కూడు వరకు ఆగరాదు. అందుచేత ప్రకటనలను రెండు విధములుగా విభజింపవలెను. అత్యవసరమైనవి ఒక్క సంతకముతో వెలువడవలెను. నియమములు, రుసుములు, పాఠ్యప్రణాళికలు మాత్రము సభానిర్ణయపు సంఖ్యయు తేదీయు లేక మారరాదు. వేగమును, ప్రామాణ్యమును ఒకే కాటన తూచుటవలననే రెండును చెడుచున్నవి.

నీటినుండి, నూనెనుండి, సడలిన కట్టునుండి పుస్తకమును కాపాడుమని ప్రాచీన లేఖకులు గ్రంథాంతమున వేడుకొనుట ప్రసిద్ధము. నేటి వెబ్‌సైటునకు నీరు, నూనె, సడలిన కట్టు వేరు రూపమున కలవు. ఉద్యోగము విడిచిపోయిన వాని వెంటనే పోయిన పాస్‌వర్డు ఒకటి. పునరుద్ధరింపక విడిచిన డొమైను పేరు ఒకటి. విద్యాసంస్థలకు ‘ఏసీ డాట్ ఇన్’ పేర్లను కేటాయించు ఎర్నెట్ ఇండియా వద్ద గడువు తీరకముందే దానిని నిలుపుకొనవలెను. వేరొకచోట భద్రపరచని ప్రతి మూడవది. పాస్‌వర్డు వ్యక్తికి కాక పదవికి చెందవలెను. బదిలీనాడు బీరువా తాళములవలె చేతులు మారవలెను.

భాషావిషయము కడపట చెప్పబడినను కడపటిది కాదు. తెలుగునకు యూనికోడ్‌లో 1991లోనే స్థానము లభించినది. ఐనను తెలుగు ప్రకటనను కాగితముపై ముద్రించి, దాని ఛాయాచిత్రమును వెబ్‌సైటున పెట్టు అలవాటు నేటికిని పోలేదు. అట్టి చిత్రమున పదమును వెదుకుట కష్టము. చూపులేని విద్యార్థికి దానిని చదివి వినిపించు సాధనము సాధారణముగా మౌనము వహించును. ప్రభుత్వ వెబ్‌సైటులకై 2009లో వెలువడి, 2023లో మూడవ రూపము దాల్చిన మార్గదర్శకములు అందరికిని అందుబాటు కావలెనని విధించుచున్నవి. ఇంగ్లీషున మాత్రమే నియమములుంచి, తెలుగున స్వాగతవాక్యము మాత్రముంచుట అధికారిని విస్మరించుటయే.

ఈ ప్రాంతమునకు ఇందులో ఒక పూర్వాదర్శము కలదు. గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాష నేర్చి, వారి పిల్లల చదువునకై పాఠములు కూర్చి, ఆ భాషకు వ్యాకరణము రచించిరి. అది 1931లో మద్రాసున ప్రకటితమైనది. విద్య తనవద్దకు రాలేనివాని భాషలోనికి తాను నడచిపోవలెనని వారు ఆచరణమున చూపిరి. గిరిజనుల పేరిట వెలసిన విద్యాసంస్థ యేదైనను ప్రవేశనియమములను సరళమైన తెలుగున వ్రాసి, ముఖ్యాంశములను సవర మున్నగు భాషలలో పలికించి వినిపించినచో, అది ఆ మార్గమున మరియొక అడుగగును.

ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు ఇది యంత్రజ్ఞుల విషయమని తొలగిపోవుట కలదు. యంత్రము నడుపువారికి కొరత లేదు. కొరత పాఠమును పరిష్కరించువారికి. ప్రక్షిప్తమును, లుప్తమును, పునరుక్తమును కనిపెట్టువారికి. ఆ విద్య ప్రాచ్యకళాశాలలది. ప్రతి కళాశాలలో ఒక అధ్యాపకుడు నెలకొక దినము తన సంస్థ వెబ్‌సైటును వ్రాతప్రతిని చదివినట్లు మొదటినుండి తుదివరకు చదివి, దోషపట్టిక నిచ్చినను చాలును.

చదువునప్పుడు సాలూరు నెట్‌సెంటరులో తెరముందు కూర్చున్న బాలిక కన్నులతో చదువవలెను. ఆమెయే అధికారి. ఆమెకు తేదీ తెలిసినదా, రుసుము తెలిసినదా, ఏ బస్సెక్కి ఏ ప్రాంగణమున దిగవలెనో తెలిసినదా అనునదే పరీక్ష. తక్కిన గుణదోషములను విద్వాంసులు పరిశీలింతురుగాక.