తీర్పరి

సెలవులకు మా హోసూరు ఇంట చేరిన పిల్లలు 1974లో అమెరికాలో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడుతున్నారు. కథ నడిపేవాడే తీర్పరి. ఆ పని మనవడిది.

కాపలా రాక్షసుణ్ణి కథ చెప్పి నిద్రపుచ్చుతానంది మనవరాలు. పుస్తకంలో సులువుకు 10, మధ్యరకానికి 15, కష్టానికి 20 అని కొలతలున్నాయి. ఏది ఎంత కష్టమన్నది తీర్పరి ఇష్టం. వాడు 15 అన్నాడు. ఇరవై ముఖాల పాచిక దొర్లింది. నేర్పు కలిపినా 14. పిల్ల కళ్లలో నీళ్లు.

"ఒక్కటే కదరా, పోనీ" అన్నాను.

"ఇందాక అన్నకు 14 వస్తే ఒప్పుకోలేదు తాతా, చెల్లికెట్ల ఒప్పుకునేది?" అని, చెల్లివైపు తిరిగి, "రాక్షసుడు నిద్రపోలేదు. మిగతా కథ చెప్పమంటున్నాడు" అన్నాడు. పిల్ల నవ్వింది.

చిన్నప్పుడు పులిజూదంలో అవ్వ నాకొక్కడికే ఎత్తు వెనక్కి తీసుకోనిచ్చేది. అన్న ఆడడమే మానేశాడు. ఎందుకో ఇన్నేళ్లకు తెలిసింది.