పొరుగింటి కుంచము

ఒరుల సిరిని చూచి అసూయపడుట దోషమని అందరమును ఎరుగుదుము. కాని ఒరుల పెంపకమును చూచి మనలను మనము నిందించుకొనుట దోషమని తోచదు. అది బిడ్డలయందలి ప్రేమయే యని భ్రమింతుము. ఆ భ్రమలో మేమిరువురమును కొంతకాలము మునిగియుంటిమి గనుక మా యనుభవమును చదువరులకు విన్నవించుచున్నాము.

మా కాపురము గుడిబండలో. 2022వ సంవత్సరమున అనంతపురము జిల్లానుండి విడదీసి శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చిన ఈ మండలము కర్ణాటక సరిహద్దున నున్నది. ఇచ్చట తెలుగును కన్నడమును ఒకే వీధిలో వినబడును. ఎనిమిదేండ్ల మా అమ్మాయి అవ్వతో కన్నడమును, మాతో తెలుగును తడబడక మాటలాడును. అది మాకు గొప్పగా తోచలేదు. ఎదురింటి బాలుడు ఇంగ్లీషు పద్యములు ఒప్పగించుట మాత్రము గొప్పగా తోచెను.

వాని తల్లి వేకువనే లేచి చదివించును. తండ్రి ఆదివారము హిందూపురమునకు తీసికొనిపోయి లెక్కలు చెప్పించును. బడి తల్లిదండ్రుల వాట్సాప్ బృందములో వాని మార్కులు కనబడిన రాత్రి మాకు నిద్ర పట్టెడిది కాదు. 'వారు ఇంత చేయుచుండగా మనమేమి చేసితిమి?' అని లెక్కించుకొనుచుంటిమి. ఆ లెక్క మరునాడు బిడ్డమీద పడెడిది. ఆటవేళ తగ్గించితిమి, అవ్వ చెప్పు కథలు మాన్పించితిమి.

ఒకనాడు బడిసంచిలో నాలుగు మడతలు పెట్టి దాచిన లెక్కల పరీక్షకాగితము కనబడెను. ఏల దాచితివని యడిగితిమి.

"ఎదురింటోళ్లకు తెలిస్తే మీకే కదా సిగ్గు!" అనెను.

మేము బదులు చెప్పలేకపోతిమి. బిడ్డ తన తప్పునకు గాక మా సిగ్గునకు భయపడుచుండెను.

సరియైన కొలత దొరకనప్పుడు మనుష్యుడు ఇతరులతో పోల్చుకొని తన్ను కొలుచుకొనునని లియాన్ ఫెస్టింగర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1954లో ప్రతిపాదించెను. పెంపకమునకు శేరును కుంచమును లేవు. కావుననే పొరుగింటి కుంచమును అరువు తెచ్చుకొందుము. ఈ తలంపు రావలదన్న ఆగదు. వచ్చినప్పుడు దానికి ఏ పని అప్పగింతుమన్నదే మన చేతిలోనిది.

ఈ సంగతి మా సీమలో వేరుసెనగ పండించువారికి తెలియును. పూవు వాడిన పిదప ఊడ మన్నులోనికి దిగి, కాయ అచ్చటనే ఊరును. గట్టుమీద నిలిచి పొరుగుచేని ఆకు పచ్చదనమును చూచి దిగుబడి చెప్పలేము. కాయ పట్టినదో లేదో యని మన చెట్టును మాటిమాటికి పెరికి చూచితిమా, నష్టము మనదే.

తుదకు సిగ్గు విడిచి ఎదురింటికి పోయి, "పిల్లవానికి ఎక్కాలు ఎట్లు నేర్పితిరి?" అని యడిగితిమి. ఆమె చింతగింజలు తెచ్చి, కుప్పలు పోసి చూపెను. పిమ్మట మెల్లగా, "మీ పాప బడినుంచి వస్తూనే అన్నీ మీకు చెప్తుంది. మావాడు నోరే విప్పడు. మీరేం చేస్తారో అడగాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నా" అనెను. మేము వారి కిటికీవైపు చూచుచుండగా, ఆమె మా వాకిటివైపు చూచుచుండెనన్నమాట! కాగితము దాచిన కథను ఆమెకు చెప్పితిమి. అందరమును కొంతసేపు మౌనముగా నుంటిమి.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. ఇతర తల్లిదండ్రులను చూచినప్పుడు ఉపాయమును అడుగుదుము, తీర్పును తెచ్చుకొనము. రాత్రి పడుకొనబోవునప్పుడు 'వారికంటె మనమెంత?' అనుటకు మారుగా, 'ఈ దినము మన బిడ్డకు కావలసినదేమి? అది ఇచ్చితిమా?' అని ప్రశ్నించుకొందుము. వాట్సాప్ బృందమును రాత్రివేళ తెరువము.

పాత తలంపు ఇప్పటికిని అప్పుడప్పుడు తలుపు తట్టును. అమ్మాయి మరల అవ్వ ప్రక్కన చేరి కన్నడ కథలు వినుచున్నది. లెక్కలలో ఇంకను కొంత వెనుకబడియే యున్నది. కాగితములు మాత్రము దాచుట లేదు.