క్లాసు బయటి రాతలు – 6: అడ్రస్‌లో అంబేద్కర్



ఈ ఏడాది పీజీ పిల్లలకి కంటెంట్ స్ట్రాటజీ చెప్తున్నాను. పేరు పెద్దదే గానీ ప్రశ్నలు నాలుగే. ఎవరి కోసం రాస్తున్నాం? ఏం చెప్పాలి? ఎవరు చెప్పాలి? ఏది వదిలేయాలి? ఆ నాలుగోదాన్ని 'చోటు లేదు' అనే ఒక్క ముక్కతో దాటేస్తుంటారు. మన కథంతా అక్కడే ఉంది.

పోయిన నెల ఒక అసైన్‌మెంట్ ఇచ్చాను. ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒక షాపుకి వెబ్ పేజీ రాయాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది కాబట్టి సమాచారానికి లోటు లేదు. అందరూ బాగానే రాశారు. నెయ్యి వాసన, బెల్లం తీపి, నోట్లో పెట్టుకోగానే కరిగిపోవడం. కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎందులోనూ రెండు లేవు. ఒకటి రేకు తీసే చెయ్యి. రెండోది జిల్లా పేరు.

పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని ఆ కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. గంటలకొద్దీ ఆ సెగ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. వెనక బెంచీ అమ్మాయి మెల్లగా అంది: "మా అమ్మ రేకులు తీత్తాదండి. అది రాస్తే కొనరేమో అనుకున్నానండి." చేసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే తినరేమోనన్న భయం ఆ పిల్లకి ఏ సిలబస్ నేర్పింది?

ఇక అడ్రస్. అందరూ 'కోనసీమ జిల్లా' అని ఆపేశారు. అంబేద్కర్ ఏరి అంటే, "పొడుగైపోతుంది సార్" అన్నారు. 'తరతరాల సంప్రదాయ రుచి' అనడానికి మాత్రం చోటుంది! 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకి నిప్పు పెట్టారు. అయినా ఇవాళ అధికారికంగా అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. నిప్పుతో ఆపలేకపోయిన పేరుని 'పొడుగు' అనే సాకుతో తీసేయొచ్చన్నమాట!

అందుకే మా క్లాసు స్టైల్ గైడ్‌లో రెండు నియమాలు రాసుకున్నాం. స్థలం పేరు అధికారికంగా ఎలా ఉంటే అలాగే పూర్తిగా రాయాలి. వస్తువు గురించి రాస్తే, చేసినవాళ్ల పని గురించి ఒక్క వాక్యమైనా ఉండాలి. అదీ వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే.

"క్లయింట్ ఒప్పుకోకపోతేనో?" అని ఒకబ్బాయి అడిగాడు. ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు తీసేయమన్నది ఎవరో, ఏ కారణం చెప్పారో ఫైల్లో రాసి పెట్టండి అన్నాను. మనల్ని తీసేసిన చోటల్లా సంతకం లేకుండానే తీసేశారు. ఇకనైనా సంతకం పడనివ్వండి.

మీలో రేపు ఎందరో ఈ ఉద్యోగాల్లోకి వెళ్తారు. ఆ నాలుగో ప్రశ్న మర్చిపోకండి.

ఆ అమ్మాయి ఇంటికెళ్లి వాళ్లమ్మని అడిగిందట. "పేరొద్దులే గానీ, సెగ గురించి రాయవే" అందట ఆ తల్లి. రాసింది.