గేటు కెమెరాకు ముందు

ఆటోమేటిక్ రేవుల్లో పనివాళ్ల నైపుణ్యం గురించి రాయమని సంపాదకులు అడిగితే, నేను సముద్రం వైపు వెళ్లలేదు. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాను. ఇక్కడి తోతాపురి గుజ్జు చెన్నై హార్బర్ మీదుగా సౌదీకి, నెదర్లాండ్స్‌కి పోతుంది. పండ్లు కడిగే చోటు నుంచి అన్నీ చూపిస్తామన్నారు కానీ, నేను లోడింగ్ దగ్గరే ఉండిపోయాను.

అక్కడ యాభై దాటిన ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన ఉన్నారు. డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు. ఇరవై అడుగుల కంటైనర్‌లో కింద 40, పైన 40. మొత్తం 17 టన్నుల పైమాట. డ్రమ్మును పక్కదానికి ఆనీ ఆనకుండా తెచ్చి, ఫోర్కును వేలెడంత వంచి దించుతున్నారు. పై వరస పేర్చే ముందు బండి దిగి, మధ్యలో వేసిన చెక్క పలక కదులుతోందేమోనని అరచేత్తో నొక్కి చూశారు. ఓడలో బరువు ఒరిగితే ఏమవుతుందో, ఓడ ఎక్కని ఈ మనిషికి బాగా తెలుసు.

తలుపులు మూశాక కంటైనర్ నంబరు మీది దుమ్మును తువ్వాలుతో తుడిచారు. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గడిలో ఇంకో అంకె. ముందున్న పదింటినీ లెక్కగట్టి తేల్చే అంకె అది, తప్పులు పట్టడానికే పెట్టారు.

"హార్బర్ గేట్లో కెమెరా చదువుతాది సార్. మట్టి ఉంటే చదవలేదు, బండి పక్కన పెట్టేస్తారు."

ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు. లారీ డ్రైవర్ల మాటల్లో విని పట్టుకున్నారు.

ఈ గుజ్జు పోయే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ రేవులో డ్రైవర్ లేని బళ్లు 1993 నుంచే కంటైనర్లు మోస్తున్నాయి. ఇక్కడ తప్పు పేరిస్తే అక్కడ సర్దే చెయ్యి దగ్గర్లో ఉండదు. 2016 జులై 1 నుంచి బరువు ధ్రువీకరించని కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదన్న అంతర్జాతీయ నిబంధన కూడా ఉంది. రేవులో ఎన్ని యంత్రాలు పెట్టినా, సగం పని ఈ యార్డులోనే తేలిపోతుంది. ఈ పనికి ఒక కాగితం, ఒక గుర్తింపు లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

ఆయన దిగులు వేరు. "మావాడు ఐటీఐ ఫిట్టరు సార్. ఆ పెద్ద క్రేన్లు ఆడించేది యాడ నేర్పిస్తారు?"

2025 మేలో ప్రధాని ప్రారంభించిన కేరళ విళింజం రేవులో స్థానిక ఆడపిల్లలు, వాళ్లలో మత్స్యకార కుటుంబాల వాళ్లు కూడా, కంట్రోల్ రూములో తెర చూస్తూ క్రేన్లు నడుపుతున్నారు. మనకు కేంద్రం సాగరమాల పథకం కింద పెట్టిన శిక్షణ కేంద్రం విశాఖలో ఉంది, రాత్రంతా రైలు ప్రయాణం. ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఫిట్టరు పిల్లవాడికి అందులో సీటు రాదు. శ్రీసిటీ పారిశ్రామికవాడ నుంచి కంటైనర్లు పోయే ఈ జిల్లాల్లో, ఒక ఐటీఐలో క్రేన్ సిమ్యులేటర్ పెట్టి, లోడింగ్ పాఠం ఈయనలాంటి వాళ్లతో చెప్పించమని అడగడం అత్యాశేమీ కాదు.

ఆయన కంటైనర్‌కు బోల్టు సీలు బిగించి, దాని నంబరును ముందు అరచేతి మీద రాసుకున్నారు. తర్వాత కాగితం మీద. రెండూ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదివాకే డ్రైవరుకు చెయ్యి ఊపారు.